అక్క మెషీనుకు డ్రైవర్ దొరికాక

వారమంతా కోయంబత్తూరులో ఎవరెవరి కంప్యూటర్లకో వైద్యం చేసి, ఆదివారమైనా నడుము వాలుద్దామనుకుంటే సూలూరు నుంచి మా అక్క ఫోను. జాకెట్ల మీద పూలు కుట్టే మెషీను ఆమెది. మిల్లులో దూది దుమ్ముకు ఊపిరాడక పని మానేసి, ఇంటి ముందు గదిలో దాన్ని పెట్టుకుంది. డిజైన్ కంప్యూటర్లో ఉంటుంది, కుట్టేది మెషీను. రెంటికీ మధ్య దుబాసీలాంటిది డ్రైవర్. అది పోయింది.

పోలేదు, పోగొట్టుకున్నారు. పాత సిస్టంలో కొత్త డిజైన్లు తెరుచుకోవడం లేదని అక్క కంప్యూటర్‌ను బజారులో ఒక కొట్టుకు తీసుకెళ్లింది. ఇంత పాతదానిలో నేను ఎక్కనని, కంప్యూటర్‌ను నడిపే కొత్త ఓఎస్ తెర మీదే చెప్పిందట. కొట్టువాళ్లు దాన్ని ఏమార్చి ఎక్కించారు, దాంతో పాత డ్రైవర్ చెరిగిపోయింది. ముందు నన్నొక మాట అడగొచ్చు కదా అంటే, విజయదశమి దాటిపోతుందని తొందరట. మావాళ్లకు కొత్తది ఏదైనా ఆ రోజే మొదలవ్వాలి.

"నల్ల నాళు సూసి ఎక్కిస్తిమి కదరా తంబీ, అయినా మెషీను పలకనంటుండాది," అంది. నల్ల నాళంటే మా వైపు మంచిరోజు.

"నాళు మంచిదే అక్కా. కంప్యూటర్‌కు వయసైపోయింది, అది తాంగొద్దా, ఓర్చుకోవద్దా?"

సూలూరు వెళ్లి, మెషీనుతో వచ్చిన డ్రైవర్ సీడీ ఏదని అడిగాను. పెరట్లోకి చెయ్యి చూపించింది. కాకులు వాలకుండా మునగచెట్టుకు వేలాడదీసిన సీడీల్లో అదొకటి, ఎండకు వెలిసిపోయింది. నాకు కోపమూ నవ్వూ కలిసే వచ్చాయి. చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. నెట్‌లో వెతుకుదామంటే మోడల్ నంబరు కావాలి. మెషీనుకూ కంప్యూటర్‌కూ మధ్య ఉండే చిన్న పెట్టె మీద ఆ నంబరు స్టిక్కరు ఉంది. ఏటా ఆయుధపూజకు గంధమూ కుంకుమా పెట్టేది సరిగ్గా దాని మీదే. తడిగుడ్డతో తుడిస్తే కుంకుమతో పాటు సగం అంకెలూ వచ్చేశాయి.

మిగిలిన సగం అంకెలతో వెతుకుతూనే ఆదివారాలు గడిచాయి. ఒకటి దించుకుంటే వైరస్, ఇంకొకటి దించుకుంటే వేరే మెషీనుది. తలప్రాణం తోకకొచ్చింది. అక్క పక్కనే కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడేది.

"చిక్కదంటే చెప్పేయి రా. మిల్లులో మళ్లా వేలై అడగతాను, ఆ పాత పనే," అంది ఒకసారి, వంటింటి సంగతి చెప్పినంత మామూలుగా. మిల్లు నుంచి వచ్చాక ఆమె దగ్గే దగ్గు నాకు తెలుసు. భయమేసింది. ఇక ఆదివారాల గురించి విసుక్కోవడం మానేశాను.

చివరికి ఏ దేశంలోనో ఎవరో పుణ్యాత్ముడు దాచిపెట్టిన ఫైలు దొరికింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, కంపెనీ సంతకం లేని డ్రైవర్‌ను రానివ్వనంది ఓఎస్. ఆ కాపలాను తప్పించే దారి ఉంది గానీ, కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ మొదటి నుంచి తప్పించాలి. ఏ మీట తర్వాత ఏ మీట నొక్కాలో కాగితం మీద రాసి తెరకు అంటించాను. మాటలు మా ఇంటి తెలుగు, అక్షరాలు తమిళం. అక్కకు చదవడం వచ్చింది అవే, నాకు బడిలో నేర్పిందీ అవే. మెషీను మొదటి పువ్వు కుట్టగానే అక్క ఆ గుడ్డను మడిచి బీరువాలో పెట్టుకుంది.

అయినా కరెంటు పోయి వచ్చినప్పుడల్లా నాకు ఫోను వస్తుంది. ఒక్కోసారి కాగితంలో ఉన్నట్టే నొక్కినా అది లేవదు. మళ్లీ వెళతాను.

ఈ ఏడు ఆయుధపూజకూ వెళ్లాను. ఆ రోజు వీధిలో మగ్గాలన్నీ ఆగిపోతాయి. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాటిదాకా ఎవరూ ముట్టరు. మా అక్కయితే ఆ రోజు కత్తెరతో దారం కూడా తెంపనివ్వదు. అరిటాకు మీద కత్తెర, బాబిన్లు, టేపు పెట్టింది. వాటి పక్కన డ్రైవర్ ఉన్న నా పెన్‌డ్రైవ్, గంధం బొట్టుతో. కంప్యూటర్‌కు పూలదండ వేసింది. లోపల ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"ఆపలేదా అక్కా?"

"ఆపితే మళ్లా లేస్తుందో లేదో. సామి ఏమీ అనుకోడులే," అంది. దండ సర్దుతూ, "ఆ మిల్లు గేటు కాడ ఇంకొకతూరి నిలబడలేను రా తంబీ," అంది.

హారతి తిప్పుతుంటే కళ్లు మూసుకుని ఫ్యాను చప్పుడే విన్నాను. అది ఆగకూడదని దండం పెట్టుకున్నాను.