బావగారి పిట్ట, మా ఆయన నంబరు

మా బావగారు, అంటే మా ఆయనకు అన్నగారు, ఎవరికో ఒకరికి నీతులు చెప్పకుండా మంచినీళ్ళు కూడా ముట్టరు. వృత్తి టూర్ మేనేజరు. పాతిక ముప్పైమందిని పోగేసి పరాయి దేశాల నగరాలు తిప్పి, ఎవరి పెట్టెలు వాళ్ళకు అప్పగించి వెనక్కి తీసుకెళ్ళడం ఆయన పని. ఆ పనిలో ఆయనకు మంచి పేరుంది, కాదనను. బస్సులో కళ్ళు తిరిగినవాణ్ణి, గదిలో వేడినీళ్ళు రాలేదని అలిగినవాణ్ణి, పాస్‌పోర్టు పారేసుకుని ఏడ్చేవాణ్ణి అందర్నీ ఒకే నవ్వుతో లొంగదీసుకుంటారు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మంట.

మేం కాపురముంటున్నదీ అలాంటి పరాయి నగరంలోనే, ఏడాదిలో రెండు మూడుసార్లు ఆయన గుంపు మా ఊరికి వస్తుంది. గుంపు హోటల్లో, బావగారు మా ఇంట్లో. హోటల్లో తన గదిని కూడా ఎవరికో ఇచ్చేసి మా హాల్లో సోఫా పరుచుకుంటారు. "సొంత తమ్ముడుండగా హోటలేంటమ్మా" అంటారు. సోఫా మీద ఆయనుంటే మా ఆయన కుర్చీలో కూడా కూర్చోరు, గోడకు ఆనుకుని నిలబడతారు. చిన్నప్పటినుంచీ అంతేనట, అన్నగారు తానా అంటే ఈయన తందానా.

అలాంటి బావగారికి డ్రోన్ పిచ్చి పట్టింది. అరచేతిలో ఇమిడే బుల్లి యంత్రం కొన్నారు. దాన్ని ముద్దుగా పిట్ట అంటారు. పిట్ట కొంచెం, కూత ఘనం. కూత మాత్రం పిట్టది కాదు, బావగారిది.

ఒకసారి ఆయన గుంపుతో పాటు నేనూ బస్సెక్కాను. ఆయన మైకు పట్టుకుని మొదలుపెట్టారు. "పరాయి ఊళ్ళో పిట్టను ఎగరేయడమంటే పరాయివాళ్ళింటికి వెళ్ళడమే. ముందు తలుపు తట్టాలి. ఆ ఊరి రూలు కనుక్కోవాలి, అనుమతి తీసుకోవాలి. జనం నెత్తిమీద ఎగరేయకూడదు. కంటికి ఆననంత దూరం పంపకూడదు. ఎయిర్‌పోర్టు దరిదాపులకు పోకూడదు. కిటికీల్లోకి తొంగి చూడకూడదు. ఎవరైనా చెయ్యి ఊపి వద్దన్నారనుకోండి, మారుమాట లేకుండా దించెయ్యాలి. అదండీ మర్యాదంటే!"

బస్సంతా చప్పట్లు. ఒక పెద్దాయన కళ్ళు కూడా తుడుచుకున్నాడు. నాకూ చేతులు లేచాయి కానీ, ఆ పూట పొద్దున్నే మా బాత్రూంలో తడి తువ్వాలు నేలమీద పారేసి వచ్చిన మనిషి ఈయనే అని గుర్తొచ్చి దించుకున్నాను.

మా ఊరి రూలు పెద్ద కష్టమైనదేం కాదు. కెమెరా ఉన్న డ్రోన్ ఎగరేసేవాడు, చుట్టపుచూపుగా వచ్చినవాడైనా సరే, కంప్యూటర్ ముందు కూర్చుని ఒక చిన్న పరీక్ష రాయాలి. తన పేరున ఒక నంబరు తీసుకుని దాన్ని డ్రోన్‌కు అతికించాలి. ఏదైనా జరిగితే ముందు ఆ నంబరుగల మనిషి తలుపే కొడతారు.

"ఇన్నేళ్ళుగా దేశాలు తిప్పుతున్నవాణ్ణి, నేను పరీక్ష రాయడమేంట్రా? నువ్వు రాసిపెట్టు" అన్నారు బావగారు తమ్ముడితో.

మా ఆయన టాక్సీ డ్రైవరు. జీవితంలో గాలిపటం కూడా ఎగరేసి ఎరగరు. బేరాల మధ్య కారులో కూర్చుని చదివి, పరీక్ష రాసి, నంబరు తెచ్చి, తన చేత్తోనే చీటీ కత్తిరించి పిట్ట కడుపుకు అంటించారు.

"గాలికి పోయే కంపను తెచ్చి ఒంటికి తగిలించుకుంటున్నారు" అన్నాను. "ఒక్క కేసు పడితే మీ టాక్సీ బ్యాడ్జి లాగేసుకుంటారు. తర్వాత మనం ఏం తిని బతకాలి?"

"అన్నయ్యకు ఆ మాత్రం తెలీదా?" అన్నారు ఆయన. తెలియకపోతే బాధ లేదు. అన్నీ తెలిసినవాడితోనే నా భయం.

మాది నాలుగో అంతస్తు. వంటింటి బాల్కనీకి ఎదురుగా, సన్న వీధికి అవతల, దర్జీ ఆవిడ పని గది. నా చలికోట్లన్నీ ఆవిడే సరిచేస్తుంది. వెలుతురు బాగుంటుందని ఆడవాళ్ళను కిటికీ దగ్గరే నిలబెట్టి, సగం కుట్టిన బట్టలు తొడిగి సూదులు గుచ్చుతుంది. ఆ ఎత్తులో ఎవరు చూస్తారు?

ఈసారి వచ్చినప్పుడు బావగారు పొద్దున్నే పిట్టను బాల్కనీ గోడమీద పెట్టారు. కింద వీధిలోకి తన గుంపు బస్సు వచ్చి ఆగే దృశ్యం తీయాలట. నేను కాఫీ కలుపుతూ చెప్పాను.

"బావగారూ, ఎదురు కిటికీ వైపు పోనివ్వకండి. అక్కడ ఆడవాళ్ళు బట్టలు వేసి చూసుకుంటారు."

"నాకా అమ్మాయ్ చెప్తున్నావు?" అని నవ్వారు. ఆ నవ్వే.

పిట్ట లేచింది. బస్సు మొత్తం పట్టాలని వెనక్కి, ఇంకా వెనక్కి జరిపారు. అది వెళ్ళి వెళ్ళి దర్జీ ఆవిడ కిటికీకి వీపు ఆనించింది. ఆవిడ కేక ఇక్కడికి వినిపించింది. బావగారు పిట్టను ఆవిడ వైపు తిప్పారు. ఫోను తెరమీద ఆవిడ మెళ్ళో కొలత టేపుతో, రెండు చేతులూ అడ్డంగా ఊపుతోంది. వెనకాల ఒక అమ్మాయి గుడ్డ ఒంటికి చుట్టుకుంటోంది.

"చూశావా, ఇక్కడివాళ్ళు ఎంత కలుపుగోలుగా ఉంటారో!" అంటూ ఆయన పిట్టను పైకీ కిందికీ ఊపి జవాబు చెప్పారు. నేను "దించండి, దించండి" అని అరుస్తూనే ఉన్నాను. ఆవిడ దుప్పటంత గుడ్డ తీసి విసిరింది. పిట్ట గుడ్డతో సహా ఆవిడ పూలకుండీల్లో పడింది.

కాఫీ చల్లారేలోపు ఇద్దరు పోలీసులు వచ్చారు. వాళ్ళలో పై అధికారి, ఒక పెద్దావిడ, చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో పిట్ట. దాని కడుపు మీది నంబరు చూసి మా ఆయన పేరు పిలిచింది. ఆయన మెడలో బ్యాడ్జి వేసుకుని డ్యూటీకి బయల్దేరబోతున్నారు. ఆవిడ చూపు ముందు దానిమీదే పడింది.

బావగారికి ఇక్కడి భాష రాదు. ఆవిడకు మన భాష రాదు. అటూ ఇటూ మాట చేరవేసేది నేను.

"నేనే అని ఒప్పేసుకోరా" అన్నారు బావగారు తమ్ముడితో, నవ్వు మొహం పోలీసుల వైపే ఉంచి. "నీకు భాష వచ్చు, ఏదో సర్దిచెప్పుకుంటావు. నా పాస్‌పోర్టు మీద మచ్చ పడితే నా వ్యాపారం ఏం కావాలి? కింద అంతమంది నన్ను నమ్ముకుని ఉన్నారు."

"మరి నా బ్యాడ్జి, అన్నయ్యా?"

"బ్యాడ్జి పోతే ఇంకోటి తెచ్చుకోవచ్చు. పరువు పోతే వస్తుందిరా?"

"ఎగరేసింది మీరేనా?" అని పెద్దావిడ మా ఆయన్ని అడిగింది. ఆయన తల వంచుకున్నారు. ఆ వంచిన తల ఇంకో అంగుళం కిందికి దిగితే అది ఔననడమే.

అప్పటికి బావగారు నోరు మూసుకుని ఉంటే ఆయన గెలిచేవారు. కానీ బస్సులో మైకు పట్టిన నోరది.

"వీడియో చూడమని చెప్పమ్మా" అన్నారు నాతో. "కార్డు అందులోనే ఉంది. అసభ్యంగా ఒక్క ముక్క లేదు. ఎంత మర్యాదగా ఎగిరిందో వాళ్ళకే తెలుస్తుంది."

ఆయన పిట్టను ఎగరేసే ముందు ఏం చేస్తారో నేను ప్రతిసారీ చూస్తున్నాను. కాబట్టి ఆయన్ని ఆపే అవకాశం నాకుంది. ఆపలేదు. ఒక్క అక్షరం పొల్లుపోకుండా పెద్దావిడకు చెప్పాను.

ఆవిడ కార్డు తీసి మా కంప్యూటర్‌లో పెట్టింది. తెర నిండా బావగారి మొహం. రికార్డింగ్ నొక్కి, పిట్ట కెమెరాను తనవైపు తిప్పుకుని, అది చూపించే ఫోను తెరను అద్దం చేసుకుని, జేబులోంచి దువ్వెన తీసి పాపిడి సరిచేసుకుంటున్నారు. ఒకసారి పళ్ళు ఇకిలించి చూసుకున్నారు. చెవి దగ్గర తెల్లవెంట్రుక ఒకటి మాట వినలేదు, దానికి ఉమ్ము రాశారు. తర్వాత వీధి, బస్సు. ఆ తర్వాత చేతులు ఊపుతున్న దర్జీ ఆవిడ. ఆ బొమ్మ పైకీ కిందికీ ఊగింది.

రెండో పోలీసు గోడవైపు తిరిగి దగ్గాడు. పెద్దావిడ మాత్రం నవ్వలేదు. ఆ అమ్మాయి కనబడిన చోట తెర ఆపి, తన చేత్తో కప్పి, మా ఆయన్ని మళ్ళీ అడిగింది.

"దీన్ని ఎగరేసింది మీరా?"

బావగారు "ఒరేయ్" అన్నారు. అంతకు ముందైతే ఆ ఒక్క మాటతో ఎన్ని పనులో అయిపోయేవి.

మా ఆయన తలెత్తారు. "కాదు" అన్నారు. "మా అన్నయ్య."

బావగారిని వాళ్ళతో తీసుకెళ్ళారు. మా ఆయనకు నంబరు ఇంకొకరికి ఇచ్చినందుకు బాగా చీవాట్లు పడ్డాయి, నంబరు రద్దయింది, బ్యాడ్జి మిగిలింది. దర్జీ ఆవిడ దగ్గరికి మా ఆయనే వెళ్ళి క్షమాపణ చెప్పి వచ్చారు. నా కోట్లు ఆవిడ ఇకముందు ముట్టుకుంటుందో లేదో తెలీదు.

జరిమానా కట్టించుకుని బావగారిని సాయంత్రానికి వదిలేశారు. మా ఇంటికి రాలేదు, హోటల్లో తన గది ఖాళీ చేయించి దిగారు. "సొంత తమ్ముడే పట్టించాడు" అని బస్సులో మైకులో చెప్పారట. తన ఇల్లు చేరాక ఫోన్ చేశారు. బ్యాడ్జి సంగతి అడుగుతారేమో అనుకున్నాను.

"అమ్మాయ్, నా దువ్వెన మీ ఇంట్లోనే పడిపోయినట్టుంది, చూశావా?" అన్నారు.

"ఇక్కడ లేదండీ బావగారూ" అన్నాను. మా ఆయన మెడలో బ్యాడ్జి వేసుకుని, అద్దం ముందు ఆ దువ్వెనతోనే తల దువ్వుకుంటున్నారు.