గ్రహణం చూసిన గుడ్లు

దైవాధీనం మాస్టారికి ఒకటే పిచ్చి. గుడ్డు కనిపిస్తే చాలు, దానికి కిటికీ పెట్టాలి. పెంకు కత్తెరతో గోరంత కోసి, లోపల పిల్ల ఎలా తయారవుతోందో చూసి, పైన గాజుబిళ్ళ పెట్టి మైనంతో అంటించేసేవారు. బందరు కాలేజీలో ఆయన చెప్పేదీ అదే, ఇంట్లో చేసేదీ అదే.

ఆ పిచ్చి ఎంత ముదిరిందో ఆయన అద్దెకున్న ఇంటి ఆసామీ సుబ్బరత్నమ్మ గుడివాడ బస్సులో కళ్ళారా చూసింది. అక్కడి పిల్లలకి పాఠం చూపించి తెస్తున్న గుడ్లని, ఊక పోసిన బుట్టతో సహా కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టారాయన.

"సరుకు టాపు మీద వెయ్యండి" అన్నాడు కండక్టరు.

"సరుకు కాదండీ. లోపల గుండెలు కొట్టుకుంటున్నాయి. ప్రయాణికులు."

"అయితే టికెట్లు తియ్యండి!"

"మూడేళ్ళలోపు పిల్లలకి టికెట్టుందాండీ?"

బస్సంతా గొల్లుమంది. కండక్టరు "రైట్" అన్నాడు. బందరు దాకా బుట్ట కూర్చుంది, సుబ్బరత్నమ్మ నుంచుంది.

ఆవిడకి చదువు అంతంతమాత్రమే గానీ, వాళ్ళుండే ఈడేపల్లి పేట మొత్తం మీద కోళ్ళ సంగతి తనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదని గట్టి నమ్మకం. పెట్ట చేసే పని మాస్టారు చెయ్యడమేమిటని రోజూ తగువే. తలుపు కాస్త గట్టిగా పడితే చాలు, గదిలోంచి ఆయన గొంతు వినిపించేది.

"మెల్లగా అమ్మగారూ! లోపల వెన్నెముక కడుతున్నారు."

"ఎవరండీ, తాపీమేస్త్రీలా?"

ఆ ఏడు సూర్యగ్రహణం వచ్చింది. సుబ్బరత్నమ్మ కూతురు సరోజ ఎనిమిదో నెల గర్భిణి. గ్రహణం వేళ కడుపుతో ఉన్న పిల్ల చీకటిగదిలో కదలకుండా పడుకోవాలి. కత్తి పట్టిందంటే పెదవి చీలిన బిడ్డ పుడుతుందని వీధివీధంతా భయం. కిటికీలకి గోనెలు కట్టి, గ్రహణం పట్టిందో లేదో చూద్దామని ఆవిడ వాకిట్లోకి వచ్చింది. అక్కడ మాస్టారు బుట్ట మూత తీసి గుడ్లన్నిటికీ గ్రహణం చూపిస్తున్నారు.

"బుద్ధుందాండీ? గుడ్లేమన్నా వడియాలా, ఎండబెట్టారు?"

"వీటికి ఇప్పుడే ముక్కులు తయారవుతున్నాయండీ. గ్రహణం ఏం కోసుకుపోతుందో చూద్దామని."

ఆవిడ ఆయన్ని దులిపేస్తూ ఉండగానే, లోపల సరోజ ఆకలికి ఆగలేక లేచి మామిడికాయ కోసుకు తినేసింది.

గ్రహణం విడిచాక కత్తిపీట చూసి సంగతి గ్రహించారు. ఇక సరోజ ఒకటే ఏడుపు. అన్నం ముట్టదు, మాట్లాడదు.

"పెదవి మూడో నెల్లోపే అతుక్కుపోతుందమ్మా. ఇప్పుడు దాన్నెవరూ చీల్చలేరు" అన్నారు మాస్టారు.

"మీరు కోళ్ళని చూసుకోండి, మా పిల్ల జోలికి రాకండి" అని కసిరింది సుబ్బరత్నమ్మ. కసిరింది గానీ, కూతురు తోసేసిన కంచం చూసి ఆవిడకీ ముద్ద దిగేది కాదు.

మాస్టారు గుమ్మం అవతలే నిలబడి, గుడ్ల బుట్ట చూపించి, "అమ్మాయ్, వీళ్ళూ గ్రహణం చూశారుగా! వీళ్ళ ముక్కులు చూశాక ఏడుద్దువుగాని. అందాకా కాస్త మజ్జిగన్నా తాగు" అన్నారు.

ఆ పూట నుంచి ఆయన కత్తెర ముట్టుకుంటే ఒట్టు. కిటికీ పెడితే పిల్ల దక్కదేమోనని భయం. చివరికి బుట్టంతా తెచ్చి సుబ్బరత్నమ్మ పెట్ట కింద పెట్టమన్నారు.

"ఏం, మీ కాలేజీ పొదగదా?"

"కాలేజీకి రెక్కల్లేవండీ."

గుడ్లు చిట్లిన రోజున ఆయన ఒక్కొక్క పిల్లనీ తెచ్చి సరోజ ఒళ్ళో వేశారు. "ఇదిగో ముక్కు! ఇదిగో ఇంకో ముక్కు! వంక పెట్టు చూద్దాం!" ఒడి నిండా ముక్కులే. సరోజ ఫక్కున నవ్వి, అన్నం పెట్టమంది.

అప్పుడే మాస్టారి చొక్కా జేబు కిచకిచమంది. ఆయన ఖంగుమని దగ్గారు. జేబు మళ్ళీ అరిచింది, ఆయన మళ్ళీ దగ్గారు. సుబ్బరత్నమ్మ ఆయన్ని పెరట్లోకి రమ్మని జేబులోకి తొంగిచూసింది. వంకర ముక్కు పిల్ల!

"ఏవిటండీ ఇది?"

"గ్రహణం కాదు, ప్రమాణం చేస్తాను. దానికి ముందే కిటికీ కోస్తుంటే నా కత్తెర జారింది. ఇదంతా చెప్పి ఆ పిల్లని నమ్మించేలోపు మళ్ళీ కంచం తోసేస్తుందండీ."

సుబ్బరత్నమ్మ నోటినిండా తిట్లే. ఇంతలో లోపల్నుంచి, "అమ్మా, ఇంకాస్త పప్పు!" అని కేక వినిపించింది. తిట్లన్నీ మింగేసింది.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

మాస్టారు పిల్లని ఆవిడ చెంగులో పెట్టి, గొంతు తగ్గించారు. "నూకల జావ పోసి మీరే పెంచాలి. అమ్మాయి పురుడు పోసుకునేదాకా, ఇది అరిచినప్పుడల్లా గట్టిగా దగ్గాలి."