కోతి మాస్టారు, కుట్టుమిషను

కోతి మాస్టారికి ప్రపంచంలో జవాబు తెలియని ప్రశ్న లేదు. చెప్పే జవాబు మాత్రం ఒక్కటే: "చెట్టు దిగినప్పటి అలవాటు." బడిలో సైన్సు చెప్పి చెప్పి రిటైరయ్యారు. పిల్లలు పెట్టిన ఆ పేరుకి నొచ్చుకోలేదు సరికదా, సవరించేవారు కూడా. "కోతి కాదురా, కోతికీ మనకీ ముత్తాత ఒకడే!"

ఆయన భార్యని వీధంతా టైలరమ్మ అంటారు. ముందుగదిలో మిషను పెట్టుకుని స్కూలు యూనిఫారాలు కుడుతుంది. ఆవిడ తిట్టినా మాస్టారికి పాఠం చెప్పే అవకాశమే.

"పాలు పొంగిపోతుంటే పక్కనే నిలబడి చూస్తారేం?"

"మంటని చూస్తే మనిషి మైమరిచిపోతాడోయ్. చెట్టు దిగినప్పటి..."

"ఆ చెట్టేదో మళ్లీ ఎక్కి కూర్చోండి. నాకు గిన్నెలు తోమే బాధ తప్పుతుంది."

టైలరమ్మ అన్నయ్య వచ్చేదాకా ఇదంతా సరదాగానే సాగింది. ఆయన కుట్టుమిషన్ల మెకానిక్. చేతులు వణకడం మొదలయ్యాక కొట్టు మూసేశాడు. ఒంటరిగా ఎందుకని చెల్లెలు బతిమాలి తెచ్చుకుంది. వచ్చినవాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు కతికి లేచిపోయేవాడు. రోజురోజుకీ చిక్కిపోతున్న అన్నయ్యని చూసి టైలరమ్మ గుండెల్లో రాయి పడింది.

"నాకింక పనేముందమ్మా? ఎందుకు బతకాలి?" అన్నాడొకరోజు.

ఆవిడ నోరు తెరిచేలోపే మాస్టారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

"మంచి ప్రశ్న బావా! వెనకటికి పొదలో గలగలమంటే, 'ఎవరు, ఎందుకు' అని ఆరా తీసినవాడు బతికాడు. గాలిలే అనుకున్నవాడు పులికి ఫలహారమయ్యాడు. మనం ఆ బతికినవాడి మనవలం. పులి పోయినా దురద పోలేదు. ఆకాశం చూసినా ఎందుకు, అద్దం చూసినా ఎందుకు! జవాబుండాలని రూలేం లేదు."

అన్నయ్య మళ్లీ గోడవైపు తిరిగాడు. టైలరమ్మ మొగుణ్ణి వంటింట్లోకి లాక్కెళ్లి చెడామడా దులిపేసింది.

"తిండి మానేసిన మనిషికి పులి కథలా! మీకసలు మనసుందా?"

చిత్రంగా, మాస్టారు మనసు పుట్టుపూర్వోత్తరాలు మొదలుపెట్టలేదు. గడ్డం గోక్కుంటూ ముందుగదిలోకి, మిషను వైపు చూశారు.

మర్నాడే మిషనుకి గ్రహచారం పట్టింది. కుట్టు సరిగా పడదు, మధ్యమధ్యలో దాటేస్తుంది. బడులు తెరిచే రోజులు, యూనిఫారాల గుడ్డ గుట్టలా పడి ఉంది. "అన్నయ్యా, కాస్త చూడవూ!" అని మొత్తుకుంది. ఆయన విసుక్కుంటూ లేచొచ్చి, వంగి చూశాడు.

"సూది తిరగేసి పెట్టావేంటే? చిన్నప్పుడే నేర్పానుగా!"

"నేను పెట్టలేదు, ఒట్టు!"

"మరి దయ్యం పెట్టిందా?"

ఆ పూట తిట్టుకుంటూనే మారు వడ్డించమన్నాడు.

తర్వాత బెల్టు జారింది. కింది దారం చుట్టే బాబిన్ మాయమై ఉప్పుడబ్బాలో తేలింది. రోజుకో రోగం. అన్నయ్య పొద్దున్నే లేచి మిషను ముందు హాజరు. వణికే చేతుల్తోనే నిదానంగా బాగుచేసి, రోజంతా చెల్లెల్ని సాధించేవాడు. ఇంత వయసొచ్చి పని మర్చిపోతున్నానా అని ఆవిడకే తన మీద అనుమానమొచ్చింది.

ఒకనాడు తెల్లవారుతుండగా ముందుగదిలో టకటకమంటే వెళ్లి చూసింది. మాస్టారు కూరగాయల కత్తితో మిషను స్క్రూ విప్పుతున్నారు.

"మీరా!"

"అరవకు. బావ లేస్తాడు." గొంతు తగ్గించారు. "ఆయనకి జవాబు అక్కర్లేదోయ్. చెట్టు దిగినప్పటి నుంచీ అంతే. గుంపులో తన వంతు పని ఉన్నవాడికి 'ఎందుకు' అని అడిగే తీరికుండదు."

"మధ్యలో నాకెందుకండీ తిట్లు?"

"నన్ను కట్టుకున్నదానివి, ఆ మాత్రం ఓర్చుకోలేవా?"

టైలరమ్మకి కోపం రావాల్సింది. రాలేదు. మొగుడి మీద అంత ప్రేమ పుట్టుకొచ్చినందుకు తనకే సిగ్గేసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం ఉండబట్టలేక అన్నయ్య దగ్గర చేరింది. "అన్నయ్యా, ఆ మిషను సంగతి..."

"బావేగా?" అన్నాడు అన్నయ్య, తలెత్తకుండానే. "బాబిన్ దొరికినరోజే తెలిసింది. నువ్వైతే ఉప్పు పాడుచెయ్యవు."

"తెలిసీ నన్ను తిట్టావా!"

"ఏం చెయ్యమంటావ్? రిటైరై ఖాళీగా కూర్చున్నాడు పాపం. పొద్దున్నే లేవడానికి ఆయనకీ ఓ పనుండాలిగా! తెలిసిందని చెప్పకు, ఉత్సాహం చచ్చిపోతుంది." సంచీలోంచి స్క్రూడ్రైవరు తీసి ఇచ్చాడు. "కత్తితో స్క్రూ తలలు పాడవుతున్నాయి. ఇది కళ్లబడేలా మిషను మీద పడెయ్."

మర్నాడు లేచేసరికి స్క్రూడ్రైవరు చోటు మారింది. మిషను చక్రం కదలనంటోంది. బావలిద్దరూ పేపరు చెరో సగం అడ్డుపెట్టుకుని ఏమీ ఎరగనట్టు కూర్చున్నారు. కోతికీ మనకీ ముత్తాత ఒకడేనన్న మాట మీద టైలరమ్మకి మొదటిసారి నమ్మకం కుదిరింది. గొంతు సవరించుకుని, వీలైనంత దీనంగా కేకేసింది.

"అన్నయ్యా! మిషను మళ్లీ చెడిపోయింది!"