వెనక వరుస

పెద్దనాన్న పోయాడని నాకు ఫోనులో వచ్చిన ఫ్లెక్సీ బొమ్మ చూసి తెలిసింది. దాని కింద 'ఎర్ర సూర్యుడు అస్తమించాడు' అని రాశారు. ఆయనే చూసి ఉంటే, "మోకాళ్ల నొప్పులోణ్ణి పట్టుకొని సూర్యుడేందిరా?" అని కసిరేవాడు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా దున్నేవాడికి భూమి రాలేదని చెబుతూ తల్లాడ నుంచి భద్రాచలం అడవి దాకా బస్సుల్లో తిరిగిన మనిషి. ఒకసారి ఎమ్మెల్యే కూడా అయ్యాడు. మా ఇంటికొస్తే చొక్కా తానే ఉతుక్కొని, అది ఆరేదాకా బనీనుతో కూర్చొని అమ్మతో వాదన పెట్టుకునేవాడు. పప్పులో ఉప్పు దగ్గర మొదలై సోషలిజం దాకా పోయేది. "నీ సోషలిజం వచ్చేలోపు పప్పు సల్లారతది బావా, తిను" అనేది అమ్మ. అందరికన్నా ముందు ఆయనే నవ్వేవాడు.

అడవి అంచున ఒక గూడెంలో కోయవాళ్లు అడవి కొట్టి సాగు చేసుకునే పోడు భూముల్లోకి వాళ్లను పోనీకుండా ఫారెస్టు వాళ్లు కందకం తవ్వబోయినప్పుడల్లా తవ్వే మిషన్ ముందు తువ్వాలు పరుచుకొని కూర్చున్నాడు. పట్టాలు కొందరికే వచ్చాయి. ఆ పట్టా భూముల్లోనూ ఇప్పుడు షావుకార్ల జామాయిలు తోటలే. ఆయన పార్టీ చీలిపోయింది, ఆయన పెంచిన కుర్రాళ్లు కండువాలు మార్చారు. ఏం మిగిలిందని మొన్న దవాఖానాలో అడిగాను. "గిప్పుడు అడగకు బిడ్డా" అని గోడ వైపు తిరిగాడు.

ఖమ్మంలో సంస్మరణ సభ పెట్టారు. పెద్దనాన్న మీటింగుల్లో ఒక పద్ధతి ఉండేది. వెనక వరుస ఆడవాళ్లు మాట్లాడాకే ముందు వరుస నోరు విప్పాలి. అందుకే గూడెం ఆడవాళ్లు అందరికన్నా ముందొచ్చి, హాలంతా ఖాళీగా ఉన్నా, చిట్టచివరి వరుసలో కూర్చున్నారు. వేదిక మీది వాళ్లు మధ్యాహ్నం దాకా ఆయన ఆశయాల గురించి మాట్లాడారు. చివరికి భోజనాలు చేసి వెళ్లమన్నారు.

గూడెం ఆడవాళ్లలో పెద్దామె నా చెయ్యి పట్టుకుంది. "మమ్ముల ఎప్పుడు పిలుస్తరమ్మా? రేపు పొద్దుగాల మిషన్ వస్తదంట. పెద్దాయన లేడు గదా, ఎవరొచ్చి అడ్డం కూసుంటరో అడుగుదామని వచ్చినం."

నేను వేదిక దగ్గరికి వెళ్లి చెప్పాను. "ఇది సంతాప సభమ్మా. గవన్నీ కమిటీల మాట్లాడుదాం" అన్నాడు అధ్యక్షుడు. నాకు ఒళ్లు మండింది. ఆయన మీదే కాదు, తన తర్వాత ఎవరూ పాటించని పద్ధతిని వాళ్లకు నేర్పిపోయిన పెద్దనాన్న మీద కూడా.

మర్నాడు మొదటి బస్సుకే బయల్దేరినా, నేను గూడెం వెళ్లేసరికి కందకం పూర్తయింది. పెద్దామె ఇవతలి గట్టున పత్తి ఏరే ఒడిసంచి నడుముకు కట్టుకొని నిలబడి ఉంది. అవతల ఆమె చేను పత్తి పగిలి తెల్లగా ఉంది.