ప్రస్థానం పెట్టిన పెట్టె

మా ముత్తాత పైడయ్య గారు అనకాపల్లి బెల్లం బజారులో మొదటి వరుస మండీకి యజమాని. ఏటా కొత్త బెల్లం దిగిన రోజు తొలి దిమ్మ మా కాటా మీదే తూగేది. మా తాతగారు అప్పలస్వామి గారు మాట ఇస్తే కాగితం అడిగినవాడు లేడు. మాకవరపాలెం నుంచి, కోటవురట్ల నుంచి బళ్లు కట్టుకుని వచ్చిన రైతులు మా అరుగు మీద పడుకుని, మా ఇంట్లో తిని, తెల్లవారాక సరుకు విప్పేవారు. నాన్నగారి కాలానికి ఆ మండీ సగమైంది. నా కాలానికి లేదు.

ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. కాదు, అది అబద్ధం. కొంత గొప్ప కోసమే చెబుతున్నాను. ఇప్పటికీ ఆ పేర్లు తలుచుకుంటే నా వెన్ను దానంతట అదే నిటారవుతుంది. ఆ వెన్ను వంచలేక నేను ఒక మనిషిని వంచాను. ఆ బరువును ఇన్నేళ్లుగా మోస్తున్నాను. నా భార్యకు తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

చేతుల్లోకి సెల్ ఫోన్లు వచ్చిన కొత్త రోజులవి. నా తోడల్లుడు విశాఖపట్నంలో ప్రభుత్వోద్యోగి. వేసవి సెలవులకు వాళ్ల కుటుంబం ఊటీ వెళుతోంది. అతనికి ఆఫీసే ప్రయాణపు ఖర్చు ఇస్తుంది. మమ్మల్నీ రమ్మని ఫోన్ చేశాడు.

"ఏటన్నయ్యా, వస్తారా? లేపోతే మండీ వదిలి రాలేరా?"

మండీ పోయి అప్పటికే చాలా కాలమైంది. ఆ సంగతి అతనికి తెలుసు. నేను జవాబు చెప్పేలోగా మళ్లీ అన్నాడు, "మీ తాతగారి వెండి మరచెంబు కూడా తెండి. అది లేకుండా మీ ఇంట్లో రైలెక్కరంట కదా. మా పిల్లలకి సూపించాల."

"వస్తున్నాం. అదీ తెస్తాం" అన్నాను.

మరచెంబు అంటే మూతకు మర తిప్పి బిగించే ప్రయాణపు నీళ్ల చెంబు. మాది వెండిది. మూత మీద చెరకు గడ చెక్కి ఉండేది. తాతగారు కాశీ వెళ్లేటప్పుడు చేయించారు. అప్పటినుంచి మా ఇంట్లో ఎవరు పొలిమేర దాటినా అది వెంట ఉండాల్సిందే. ఇంట్లో మిగిలిన వెండి అదొక్కటే. దాన్ని చూపిస్తానని మాట ఇచ్చిన క్షణంలోనే నాకు తెలుసు, దాన్ని అమ్మితే గాని రైలు టిక్కెట్లు రావని. అప్పుడైనా "రాలేం" అనవచ్చు కదా? ఒక్క మాట. ఎందుకు అనలేకపోయాను? ఎన్నిసార్లు నన్ను నేను అడిగినా ఒకటే జవాబు వస్తుంది. ఆ మాట నా నోట విని తోడల్లుడు జాలిపడతాడు. జాలి ఒక్కటీ నేను ఓర్చుకోలేను.

చెంబు అమ్మేశాను. దాని స్థానంలో అంతే ఎత్తున్న చిన్న బెల్లం దిమ్మను తువ్వాలులో చుట్టి, తాతగారి తోలు పెట్టెలో బట్టల మధ్య పెట్టాను. రైల్లో అందరూ పడుకున్నాక దిమ్మను బయటికి విసిరేసి, పొద్దున్నే దొంగలు పడ్డారని గోల చేయాలని నా ఎత్తు. రైలు దొంగకు పేరుండదు, ముఖముండదు. ఎవరికీ చెడ్డపేరు రాదు. అలా నాకు నేను నచ్చజెప్పుకున్నాను.

నా భార్య కామేశ్వరికి ఇవేమీ తెలియవు. పెళ్లయ్యాక అంత దూరం వెళ్లడం అదే మొదలు. వారం ముందునుంచీ ఇల్లు సర్దింది. కుర్చీల మీద పాత పంచెలు కప్పింది. బెల్లం కుండ మూతికి గుడ్డ కట్టి, చీమలు పట్టకుండా నీళ్ల పళ్లెంలో నిలబెట్టింది. పాలవాడికి వద్దని చెప్పింది. ఉన్న పెరుగంతా మజ్జిగ చేసి వీధిలో పంచింది. పక్కబట్టలు చుట్టే హోల్డాలు ఎండలో వేసి దులిపింది. జంతికలు చేసింది. పెట్టె సర్దేటప్పుడు తువ్వాలు మూటను చేత్తో పైకెత్తి చూసి, "ఏం బరువండీ! మా చెల్లి కళ్లు తిరిగిపోవాల" అని నవ్వింది. ఆ నవ్వుకు నేనూ నవ్వాను. పెట్టె తాళం ఎప్పుడో పాడైంది. తాడు చుట్టి, మండీలో బెల్లం బుట్టలకు వేసే ముడి వేశాను. ఆ ముడి మా ఇంటి మగవాళ్లకే వచ్చు.

ఇక్కడ ఒక ఆచారం గురించి చెప్పాలి. బయలుదేరే రోజు మంచిది కాకపోతే, అంతకుముందే ఒక మంచి ఘడియలో సామానులో ఒకదాన్ని ప్రయాణం సాగే దిక్కున పొరుగింట్లో ఉంచుతారు. దాన్ని ప్రస్థానం పెట్టడం అంటారు. ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. తాతగారి రోజుల్లో మా ప్రస్థానం మా మండీలోనే పెట్టేవారు. మేం బయలుదేరే రోజూ మంచిది కాదు. మా ప్రయాణం దక్షిణానికి, ఇప్పుడు ఆ దిక్కున ఉన్నది మార్త ఇల్లు.

మార్త నర్సు. కూతురితో ఆ అద్దె ఇంట్లో ఉండేది. కోటవురట్ల వైపు మనిషి. ఆదివారం చర్చికి, మిగతా రోజులు ఆసుపత్రికి. వీధిలో ఎవరు ఊరెళ్లినా ఇంటి తాళాలు ఆమె దగ్గరే పెట్టేవారు. మొక్కలకు నీళ్లు పోసేది, వాకిలి ఊడ్పించేది. కామేశ్వరీ ఆమే వదినా వదినా అనుకునేవారు. పెట్టెను వాళ్లింట్లో దించుతుంటే మార్త, "మీ దేవుడి పెట్టె మా ఏసు పటం కింద ఎడతాను, ఇద్దరూ కాపలా కాత్తారు" అని కామేశ్వరిని నవ్వించింది.

బయలుదేరే రోజు తెల్లవారుతూనే పెట్టె తేవడానికి నేనే వెళ్లాను. మార్త గుమ్మంలోనే చెప్పింది. పెట్టెకు చీమలు బారులు కట్టాయట. తాడు విప్పి చూస్తే తువ్వాలులో బెల్లం ఉందట. బట్టలన్నీ దులిపి, తువ్వాలు ఉతికి ఆరేసి మడత పెట్టి, బెల్లాన్ని డబ్బాలో వేసి, మళ్లీ తాడు కట్టిందట. "నాకు మీ ముడి రాలేదన్నయ్యగారూ. ఏదో కట్టేను" అంది. డబ్బా నా చేతికివ్వబోయింది.

బెల్లం బజారులో పుట్టినవాణ్ణి. చీమల సంగతి నాకు గుర్తు రాలేదు.

"పిల్లకు ఉంచమ్మా" అన్నాను. పెట్టెను నేరుగా తెచ్చి ఆటోలో పెట్టాను. కామేశ్వరికి ఏమీ చెప్పలేదు. పైగా సంతోషించాను. దిమ్మను విసిరే పని తప్పిందని.

కానీ కామేశ్వరి ఆ పెట్టెను వదలలేదు. స్టేషన్‌లో దాని మీదే కూర్చుంది. రైల్లో కాళ్ల కింద పెట్టుకుంది. రాజమండ్రి దాటకముందే, విశాఖపట్నంలోనే ఎక్కి వచ్చిన చెల్లెలికి చూపించాలని తాడు విప్పబోయి ఆగింది. "ఈ ముడి మనది కాదేటండీ?" అంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాను. పెట్టె తెరిచింది. బట్టల మధ్య మడత పెట్టిన తువ్వాలు ఉంది, అంతే.

"తాళం లేని పెట్టె పరాయింట్లో పెట్టడమేటన్నయ్యా!" అన్నాడు తోడల్లుడు, ప్రస్థానం సంగతి కామేశ్వరి నోట విని. అతని గొంతులో జాలి ఉంది. నేను భయపడిన జాలే. కానీ అది నా లేమి మీద కాదు, నా నష్టం మీద. ఆ తేడా నాకు హాయిగా అనిపించింది. ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. కానీ నిజం. హాయిగానే అనిపించింది. రైలు దొంగ కోసం సిద్ధం చేసుకున్న మాట నా నోట్లోనే ఉండిపోయింది. కామేశ్వరి కాళ్ల కిందనుంచి కదలని పెట్టెలోంచి రైలు దొంగ ఏం తీయగలడు? నేను నోరు విప్పకపోతే చాలు, మిగతాది వాళ్లే పూర్తి చేస్తున్నారు.

ఊటీ ఎలా ఉందో నన్ను అడగకండి.

తిరిగి వచ్చాక కామేశ్వరి ఇంటి తాళంచెవి ప్రహరీ మీదుగా తీసుకుంది, మాట్లాడకుండా. మా తులసికోట తడిగా ఉంది. వాకిలి శుభ్రంగా ఉంది. మర్నాడు సాయంత్రం మార్త ఆసుపత్రి తెల్ల చీరతోనే మా మెట్లెక్కి వచ్చింది.

"వదినా, నా మీద ఏటో అంటన్నారంట. కుళాయి కాడ సెప్పేరు. మొకం మీదే అడిగీండి."

"అడగడానికేటుంది? పెట్టెలో వెండి మరచెంబెట్టి మీ ఇంటికి పంపేం. వచ్చినప్పుడు తువ్వాలే ఉంది."

"వెండి కాదొదినా! ఆ తువ్వాల్లో ఉన్నది బెల్లం. సీమలు దానికే పట్టేయి. అన్నయ్యగారికి ఆ పొద్దే సెప్పేను. ఆయన్నే అడగండి."

ఇద్దరూ నా వైపు చూశారు. కామేశ్వరి కళ్లలో కోపం కన్నా ఆశ ఎక్కువ ఉందని నాకు కనిపించింది. ఆమెకు చెంబు కన్నా మార్త కావాలి. నేను అవునంటే చాలు, అక్కడే కౌగిలించుకునేవారు.

నేను నవ్వాను.

"బెల్లమా? మా తాతల నాటి నుంచి బెల్లం అమ్మిన వాళ్లం. వెండి చెంబు మానేసి ఊటీకి బెల్లం మోసుకుపోతామేటమ్మా?"

"డబ్బా ఇంట్లోనే ఉంది. తెత్తాను, సూడండి."

"అనకాపల్లిలో బెల్లం లేని ఇల్లేది?"

మార్త నన్నే చూసింది. ఆమెకు అంతా అర్థమైపోయిందని నాకు తెలిసింది. గట్టిగా అరిస్తే బాగుండును. అరవలేదు.

"అలాగే అన్నయ్యగారూ. దేవుడు సూసేడు. మీరూ సూసేరు. ఆ ఇద్దరు సాలు నాకు."

మెట్లు దిగి వెళ్లిపోయింది. కామేశ్వరి లోపలికి పోయి ఏడ్చింది. పోయిన చెంబుకు ఏడుస్తోందని అనుకోవడానికి ప్రయత్నించాను.

ఆ తర్వాత వీధిలో ఎవరూ మార్తకు తాళాలు ఇవ్వలేదు. ఎవరూ ఏమీ అనలేదు, అంతే. ఊరెళ్లేవాళ్లు తాళంచెవి కొంగున ముడేసుకుని ఆమె గుమ్మం ముందునుంచే వెళ్లేవారు. పిల్ల పరీక్షలు అయ్యాక ఆమె ఇల్లు ఖాళీ చేసి కోటవురట్ల వెళ్లిపోయింది. సామాను ఆటోలో ఎక్కిస్తున్నంతసేపూ నేను మా అరుగు మీద నిలబడ్డాను. పెద్దింటివాడిలా, చేతులు వెనక్కి కట్టుకుని.

ఒకసారి కోటవురట్ల బస్సెక్కాను. ఆమె ఇల్లు ఎక్కడో కనుక్కున్నాను కూడా. వీధి మొగలో నిలబడి, అక్కడ నుంచే తిరిగి వచ్చాను. ఏం అడ్డొచ్చింది? సిగ్గా? సిగ్గయితే కాళ్లు ముందుకే పడి ఉండేవి. ఆమె నన్ను క్షమిస్తుందేమోనని భయపడ్డానని ఇప్పుడు అనిపిస్తోంది. ఆమె ముందు తల వంచుకుని ఆ క్షమను పుచ్చుకోవాలి కదా. అదీ నా అహం.

కామేశ్వరి ఇప్పటికీ ఎవరు ప్రయాణం కట్టినా, "పెట్టె ఎవరింటా పెట్టకండి" అంటుంది. ఆమెకు నేను చెప్పాలి. మొదట ఆమెకే చెప్పాలి. మీకు చెప్పడం సులువు కాబట్టి మీకు చెప్పాను. అయినా రాస్తుంటే చాలా ఏళ్ల తర్వాత ఊపిరి కొంచెం లోపలిదాకా వెళుతోంది. అది నాకు దక్కవలసిందో కాదో తెలియదు.

మేం మండీ అమ్మాం. కాటా అమ్మాం. తుమ్మపాల దారిలో చెరకు పొలం అమ్మాం. అవన్నీ నలుగురి ఎదుటా అమ్మాం. వెండి మరచెంబును మాత్రం, ఊటీ ప్రయాణానికి ముందు, మమ్మల్ని ఎవరూ గుర్తుపట్టని విశాఖపట్నం కొట్లో నేనే అమ్మాను.