చిన్నమ్మ ప్రార్థన ఏ శాఖ కిందికి వస్తుంది?

నా పేరు ముందు డాక్టర్ అని ఉంటుంది. జ్వరమొచ్చిన వాళ్లెవరూ నా దగ్గరికి రావద్దని మనవి. శెనక్కాయల ధరల మీద నూట తొంభై పేజీలు రాసినందుకు ఇచ్చిన డాక్టరు అది. హిందూపురంలో మా నాయనకు శెనక్కాయల మండీ ఉండేది. పుట్టినప్పటి నుంచీ ముక్కుకు ఆ దుమ్మే అలవాటు కాబట్టి, అర్థశాస్త్రంలో వేరే విషయం వెతుక్కునే శ్రమ నేను పడలేదు. 1996 ఎండాకాలంలో ఆ నూట తొంభై పేజీలూ టైపు చేసింది ఝాన్సీ. చెప్పదలుచుకున్నది నా పరిశోధన గురించి కాదు, ఆమె గురించి.

రైల్వే స్టేషన్ దారిలో సైకిల్ షాపు పైన ఒక గది. ఇంగ్లీషుకొక మిషను, తెలుగుకొక మిషను, రెండింటికీ కలిపి ఝాన్సీ ఒక్కతే. కాలేజీల్లో పాఠాలు చెప్పుకుంటూ పీహెచ్‌డీలు వెలగబెట్టే మాలాంటి వాళ్లమంతా చచ్చీ చెడీ రాసిన కాగితాలు పట్టుకుని చివరికి ఆ మెట్లే ఎక్కేవాళ్లం. ఆ ఏడు నలుగురం. ఒకాయన పెనుకొండ దర్గాలో హిందువులు మొక్కుకునే మొక్కుల మీద రాశాడు. ఇంకొకాయన ధర్మవరం నేతగాళ్ల ఇళ్లల్లో మగ్గం ఎవరి పేరున ఉంటుంది, రెక్కల కష్టం ఎవరిది అని రాశాడు. మూడో ఆయన మా మడకశిర వైపు మాటల్లో కన్నడం ఎంత కలిసిందో లెక్కగట్టాడు. నాలుగోది నా శెనక్కాయలు. ఒకరు రాసింది ఇంకొకరం చదవలేదు. చదవాలని తోచనూ లేదు. నలుగురిదీ అక్షరం విడవకుండా చదివింది ఆమె ఒక్కతే.

నా మూడో అధ్యాయం కొడుతూ కొడుతూ ఒక రోజు ఆగింది.

"సార్, కాయ రేటు రాసినారు, విత్తనం రేటు రాసినారు, లారీ బాడుగ గూడా రాసినారు. ఒలిచే ఆడోళ్ల కూలి యాడుండాది సార్?"

"అది నా పరిధిలోకి రాదమ్మా," అన్నాను. పరిధి అనే మాట మా పరిశోధకులకు భలే అక్కరకొస్తుంది. తెలియనిదంతా దాని అవతలికి నెట్టేయొచ్చు.

"మా అమ్మ ఒలుస్తాది సార్, దానికని అడిగితి," అని మళ్లీ మిషను కొట్టడం మొదలుపెట్టింది.

అప్పటికి పది రోజులుగా శెనక్కాయ అంటే ఏమిటో ఆమెకు విడమరిచి చెబుతూ వచ్చాను. మేనమామ దగ్గర అమ్మ పుట్టింటి గొప్పలు చెప్పినట్లయింది నా పని.

ఝాన్సీది పెనుకొండకు ఐదు మైళ్ల అవతల పల్లె. నాయన ఏసుదాసు, అమ్మ చిన్నమ్మ, ఇద్దరూ కూలికి పోయేవాళ్లే. హాస్టల్లో ఉండి డిగ్రీ చదివింది, టైపు నేర్చుకుంది, ఇంట్లో గడవక ఈ గదిలో కూర్చుంది. కూర్చున్న చోటినుంచే దూరవిద్యలో తెలుగు ఎమ్మే కట్టి ఫస్టు క్లాసులో పాసయింది. అయినా ఆమె ఆకలి తీరలేదు. మా కాగితాలు కొట్టీ కొట్టీ తనకూ ఒక పుస్తకం రాయాలని పుట్టింది. ఆ సంగతి నాకెలా తెలిసిందంటే, ఒకసారి నా కాగితాల మధ్య పొరపాటున ఆమె టైపు చేసుకున్న అట్ట పేజీ వచ్చింది. 'పల్లె స్త్రీల ప్రార్థనలు: ఒక పరిశీలన. సమర్పణ: బి. ఝాన్సీ' అని ఉంది. పర్యవేక్షకులు అన్నచోట ఖాళీ. శాఖ అన్నచోట ఖాళీ. నేనది తిరిగి ఇస్తే ముఖం ఎర్రబడింది.

"ఊరికే సార్. ఎట్ల కనపడ్తాదో చూద్దామని కొట్టుకుంటి."

ఆమె విషయం ఇది. వాళ్ల పల్లె చర్చిలో ఆదివారం ఆరాధన అయిపోగానే పాస్టరు సైకిలెక్కి ఇంకో ఊరికి పోతాడు. మగవాళ్లు లేచి బయటికి నడుస్తారు. ఆడవాళ్లు ఒక పదిహేను మంది మాత్రం చాప మీద అట్లే కూర్చుని, ఒకరి తర్వాత ఒకరు కళ్లు మూసుకుని గట్టిగా ప్రార్థన చేస్తారు. ఆ ప్రార్థనలో లేనిదంటూ లేదు. శెనక్కాయ పెరికే పని ఎన్నాళ్లు దొరికింది, చెప్పిన కూలి ఎంత, చేతిలో పెట్టినది ఎంత, బెంగుళూరు పోయినవాడు దుడ్లు పంపుతున్నాడా తాగుతున్నాడా, ఎవరి మొగుడు ఎవరిని కొట్టాడు, ఎవరి కోడలికి నెల తప్పింది, అన్నీ దేవుడికి ఒప్పజెబుతారు. ఝాన్సీ చిన్నప్పుడు అమ్మ ఒడిలో కూర్చుని విన్నవి, తర్వాత విన్నవి, గుర్తున్నంత మేరకు ఒక నోట్‌బుక్కులో రాసుకుంది. నేను చదివాను. నా నూట తొంభై పేజీల్లో లేని కూలి రేట్లు అందులో ఉన్నాయి, ఏ ఏటికి ఆ ఏడు. నా గొప్ప నాకు ఆ రోజు తగ్గింది.

"ఇది బంగారం," అన్నాను. "రిజిస్టర్ చేయించుకో."

చెప్పడం నోటితో పని. తిరగడం కాళ్లతో పని. రెండేళ్ల పాటు సెలవు దొరికినప్పుడల్లా యూనివర్సిటీకి తిరిగింది. తెలుగు శాఖలో, ఇందులో సాహిత్యం ఏముంది, సమాజశాస్త్రం వాళ్లను అడుగు అన్నారు. వాళ్లు, కూలీల లెక్కలు ఉన్నాయి కదా, అర్థశాస్త్రం అన్నారు. మావాళ్లేమో ప్రార్థనలకు మాకూ ఏం సంబంధమని నవ్వారు. మతాల గురించి చెప్పే ఆయన, దుడ్లు, మోకాళ్ల నొప్పులు అడగడం ప్రార్థన కాదు, అది ఫిర్యాదు అని తేల్చాడు. చిన్నమ్మ అడిగేది ఏ శాఖ కిందికి వస్తుందో తేల్చే శాఖ ఒకటి లేకపోయింది. ప్రతిసారీ పొద్దున ఇస్త్రీ చీరతో మెట్లు దిగి పోయేది, మధ్యాహ్నం బస్సుకే తిరిగొచ్చేది. ఏమైందని అడిగితే, "ఇంగో గదికి పొమ్మన్యారు సార్," అనేది. అడగడం నేనే మానేశాను.

1998 చివర్లో తిరుపాల్ అనే ప్రొఫెసరు దొరికాడు. తాడిమర్రి వైపు పల్లెలో పుట్టినవాడు, జానపద విషయాలు చూసేవాడు. నోట్‌బుక్కు మొత్తం చదివి, నేను తీసుకుంటాను అన్నాడు. కానీ షరతు పెట్టాడు.

"ఇది నీ గుర్తు, సాక్ష్యం కాదు తల్లీ. రేపు ఎవడన్నా నువ్వే అల్లినావంటే ఏం చెప్తావు? గొంతు కావల్ల. నలభై ప్రార్థనలు టేపులో పట్టుకురా, జూన్ లోపల. నా దగ్గర ఉండేది ఒక్కటే సీటు."

ఆ సాయంత్రం ఝాన్సీ మెట్లు ఎక్కుతుంటే పైన కాచుకుని ఉన్న నాకు చెప్పుల చప్పుడులోనే పని అయిందని తెలిసింది. నేను కొనుక్కున్న చిన్న టేప్‌రికార్డరు ఇచ్చాను. తర్వాతి ఆదివారం దాన్ని చాప మధ్యలో పెట్టి, యూనివర్సిటీ కోసమని ఆడవాళ్లకు వివరంగా చెప్పి, బటన్ నొక్కింది.

సోమవారం ఆ క్యాసెట్ నాకు వినిపించింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. యూనివర్సిటీ అనగానే ఆడవాళ్లంతా పాస్టరు గొంతు ఎత్తుకున్నారు. దేవుడిని నువ్వు అనేవాళ్లు మీరు అన్నారు. మహా ఘనుడవైన తండ్రీ అన్నారు, మమ్ములను కాపాడండి అన్నారు. కూలి లేదు, మొగుడు లేడు, మోకాళ్లు లేవు. చౌడక్క అనే పెద్దామె రాష్ట్రపతి క్షేమం కోరింది. చిన్నమ్మ అయితే క్రిస్మస్ చీర కట్టుకుని వచ్చి, యూనివర్సిటీ పెద్దలందరినీ దీవించమంది.

"మా పిల్ల చదువు సంగతి గదా, మాట తప్పు పోగూడదని జాగ్రత్తగా చెప్తిమి అంటాంది సార్ మా అమ్మ," అని ఝాన్సీ నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. మరో మూడు ఆదివారాలు ప్రయత్నించింది. రాష్ట్రపతి ఆరోగ్యంగానే ఉన్నాడు.

మే నెల వచ్చింది. ఒక ఆదివారం ఆమె టేప్‌రికార్డరును ఎవరికీ చెప్పకుండా చేతిసంచిలో పెట్టుకుని, బటన్ ముందే నొక్కి, వెనక కూర్చుంది. తప్పని తెలుసు. తెలిసే చేసింది. అంత ఆశ ఉన్నప్పుడు మనిషి ఏం చేస్తాడో నేను తీర్పు చెప్పలేను.

ఆ క్యాసెట్టూ నేను విన్నాను. అన్నీ వచ్చాయి. చౌడక్క మోకాళ్లు వచ్చాయి. ముప్పై ఇస్తానని ఇరవై చేతిలో పెట్టినవాడు వచ్చాడు. చివరికి చిన్నమ్మ గొంతు.

"దేవా, మా ఝాన్సీ ఉండాది గదా. ముప్పై రెండేండ్లు వచ్చె. పెండ్లి అడుగు పెండ్లి అడుగు అంటాండారు అందురూ. నేను అడగను. దానికి ఏం గావాల్నో దాని పేరుకు నాకు నోరు తిరగదు. ఊరందరి పుస్తకాలూ కొట్టి కొట్టి దాని ఏళ్లు అరిగిపాయె. దాని పుస్తకం ఒగటి ఉండాదంట, దాన్ని ఏ గదిలోనూ పెట్టుకోరంట. నీ తావ గదులకేమి కొదవ సామీ, ఒగటి ఇప్పీ. నేనడిగింది తప్పయితే నన్ను అను. దాన్ని అనొద్దు."

టేపు తిరుగుతూనే ఉంది. ఝాన్సీ కిటికీ వైపు చూస్తోంది. ఏదో ఒకటి అనాలి కదా అని నేను నోరు తెరిచాను. "మంచి శాంపిల్," అన్నాను.

ఆ మాట నా నోటి నుంచి ఎందుకు వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. ఇరవై ఏళ్లు అర్థశాస్త్రం చదివిన నోరు అది. ఆమె నా వైపు తిరిగి, "మా అమ్మ సార్ అది," అని మెల్లగా అని బటన్ ఆపేసింది. సిగ్గుతో నేను చెప్పులు సరిగా తొడుక్కోకుండానే మెట్లు దిగాను.

మరుసటి ఆదివారం ఆమె పల్లెకు పోయి, చేసిన పని ఆడవాళ్ల ముందు ఒప్పుకుంది. మీరు సరేనంటేనే వాడుకుంటాను, లేదంటే చెరిపేస్తాను అంది. చౌడక్క అందుకుంది.

"ఏమే పాపా, మేము దేవుడని ఆయప్పతో చెప్పుకున్నేది నువ్వు సంచిలో ఏసుకుని పోతివా? నా కోడలి సంగతి ఆడ సార్లు ఇనల్లనా? మా నోర్లు నీ పరీచ్చకు పెడ్తావా?"

ఆమె లేచింది. ఆమె వెనకే ఒక్కొక్కరూ లేచారు. చాప మీద చిన్నమ్మ ఒక్కతే మిగిలింది. కూతుర్ని ఒక్క మాట అనలేదు.

"నాది రాసుకోవే," అంది. "నేను అడిగిందే అది గదా. నా మాటతోనే నీకు ఆ గది దొరికితే, దేవుడు ఇచ్చినట్లే గదా."

మిగిలిన టేపంతా చెరిపి, ఆ ఒక్క ప్రార్థన తీసుకుని ఝాన్సీ తిరుపాల్ దగ్గరికి పోయింది. ఆయన చెడ్డవాడు కాదు. రెండుసార్లు విన్నాడట, కళ్లజోడు తీసి పక్కన పెట్టాడట. "ఒక్కదానితో పరిశోధన కాదు తల్లీ. ఇది మీ ఇంటి సంగతి అనిపించుకుంటాది," అన్నాడట. జూన్‌లో ఆ సీటు ఇంకెవరికో పోయింది. తర్వాతి ఏడు ఆయన రిటైరయ్యాడు. ఆ అంశాన్ని తీసుకునేవాళ్లు మళ్లీ దొరకలేదు.

టైపు మిషన్లు పోయి కంప్యూటర్ వచ్చింది. సైకిల్ షాపు సెల్‌ఫోన్ల షాపు అయింది. పై గదిలో ఝాన్సీ అట్లే ఉంది. పిల్లలు చిలమత్తూరు వలసల మీద, చీరల ఎగుమతుల మీద, పండగల మీద రాసుకుని వస్తూనే ఉన్నారు, ఆమె తప్పులు దిద్ది కొడుతూనే ఉంది. ఏం చదివినా చివరి పేజీ దాకా చదువుతుంది. ఆ ఆశ ఆమెలో చావలేదని, ఒక మంచి వాక్యం వచ్చినప్పుడు వేళ్లు కాస్త ఆగడం చూస్తే తెలుస్తుంది.

2004లో మా విద్యార్థి ఒకడి కాగితాలు పట్టుకుని పోయినప్పుడు, మీ ఊరి చర్చికి పోతున్నావా అని అడిగాను. చాలా ఏళ్లు ఆ మాట ఎత్తడానికి నాకు ధైర్యం లేకపోయింది.

"ప్రతి ఆదివారమూ పోతాండా సార్. నేను పోతే వాళ్లు మనసులోనే చేసుకుంటారు ప్రార్థన. కోపమేమీ లేదు, సంగటి పెడ్తారు, బాగా మాట్లాడతారు. కండ్లు మూసుకున్నంక మాత్రం పెదాలే కదుల్తాయి. మా అమ్మ ఒక్కతే ఇంగా గట్టిగా చేస్తాది, నాకోసమని."

"అమ్మ మారలేదన్న మాట."

"అందరి పేర్లూ వస్తాయి సార్. చౌడక్క మోకాళ్లు వస్తాయి, మా నాయన దగ్గు వస్తాది, వాన వస్తాది. నా పేరు ఒగటి రాదు. నేను ఇంటానని, ఇని బాధపడ్తానని ఇడిసిపెట్టింది."

"లోపల అడుగుతూనే ఉంటుందిలే."

"అడుగుతాందో, ఇంగ చాల్లే అనుకునిందో. అది తెలుసుకోవాల్నని శానా ఉండాది సార్. ఆ పీహెచ్‌డీ కన్నా ఎక్కువ ఉండాది."

"దానికేముంది, ఒక్కసారి గట్టిగా చెప్పమని అమ్మనే అడగరాదా?"

కీబోర్డు మీద చేతులు పెట్టింది కానీ కొట్టలేదు.

"అడిగితే చెప్తాది సార్. అప్పుడు నాతో చెప్పినట్లయితాది. నేను లేనప్పుడు ఆయప్పతో ఏం చెప్తాందో, అది ఇనాల నేను."