బాపుకు మిగిలిన మాట

పక్షవాతం వచ్చాక మా బాపుకు ఒక్క మాటే మిగిలింది. పొద్దు.

ముప్పై ఏండ్లకు పైగా బాయిలో దిగి బొగ్గు తీసిన మనిషి. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చాక నీళ్లు కావాలన్నా 'పొద్దు', ఒంటికి వెళ్లాలన్నా 'పొద్దు', అమ్మను పిలవాలన్నా 'పొద్దు' అనేవాడు. తాను అనాలనుకున్నది అది కాదని ఆయనకు తెలుస్తూనే ఉండేది. ఎడమ చేత్తో నుదురు కొట్టుకునేవాడు.

నేను గోదావరిఖనిలో ఒక బడిలో తెలుగు చెప్తాను. ఆ మాట గురించి పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. పొద్దంటే సూర్యుడు. పాత పుస్తకాల్లో ప్రొద్దు. తమిళుల పొళుదు, కన్నడిగుల హొత్తు దీని చుట్టాలే. వాటికి కాలమనే అర్థం. పైన వెలిగేదానికీ, మన చేతుల్లోంచి గడిచిపోయేదానికీ మనవాళ్లు ఒకే పేరు పెట్టుకున్నారు. అందుకే పొద్దు పొడుస్తుంది, గూకుతుంది, ఏమీ తోచనినాడు పోనే పోదు. ఎండ పొడ సోకని బాయిలో కూడా బాపువాళ్లు "పొద్దెంతయిందే?" అనే ఒకరినొకరు అడిగేవాళ్లట.

ఇదంతా ఒకసారి అమ్మకు చెప్పబోతే, "నీ సదువు పక్కకు పెట్టు బిడ్డా. ఆయన మొగం జూడు, తెలుస్తది" అంది.

పోయిన చలికాలం అమ్మ రామకృష్ణాపూర్‌లో తన చెల్లెలికి బాగాలేదని చూడ్డానికి పోయింది. ఇంట్లో నేనూ, బాపూ. నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను.

"పొద్దు" అన్నాడు బాపు, తలుపు వైపు చెయ్యి చాపి.

"మూడైతంది బాపు. అమ్మ ఆరింటికల్ల వస్తది."

కాదన్నట్టు తల ఊపాడు. నీళ్లిస్తే గ్లాసు తోసేశాడు. పేపర్ల మీద నీళ్లు పడ్డాయి. "పొద్దు, పొద్దు" అంటూనే ఉన్నాడు.

"ఇగ సాలు బాపు! ఒక్కటే మాట, పానం తింటున్నవ్. జెరసేపు సప్పుడు చెయ్యకు" అని అరిచాను.

బాపు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అమ్మ వచ్చేసరికి చీకటి పడుతోంది. బాపు తలుపు చూపించాడని మాత్రం చెప్పాను. "అయ్యో, ఎండకు కూసుంటనన్నడే! రోజూ మూడింటికి ముంగట కుర్చేస్త గద" అంది.

మర్నాడు సెలవు పెట్టి, నేనే ఆయన్ను పట్టుకుని తెచ్చి ఎండలో కూర్చోబెట్టాను. కాళ్ల దగ్గర కూలబడి, "కోపమొచ్చిందా బాపు? అను, ఒక్కసారి పొద్దు అను" అని బతిమాలాను. ఎడమ చేత్తో నా తల నిమిరాడు. నోరు మాత్రం తెరవలేదు. ఆ తర్వాత నీళ్లకు కూడా ఆ మాట అనలేదు. దాహమైతే గ్లాసు వైపు చూసేవాడు.

పదకొండు రోజులకు మళ్లీ పక్షవాతం వచ్చి పోయాడు.

"రోగం ముదిరి ఆఖరికి ఆ ఒక్క మాట గూడ పోయింది పాపం" అని పరామర్శకు వచ్చినవాళ్లతో అమ్మ ఇప్పటికీ అంటుంటుంది. పక్కనే కూర్చుని నేను అవునన్నట్టు తల ఊపుతాను.